కైఫియత్ ఖానాలో పట్టని కథ

(నల్లగొండలో ముస్లిం యువ రచయితల కోసం జరిగిన ఒకరోజు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సోదరులకు, ముఖ్యంగా పిల్లలను చంకనెత్తుకొని దేవరకొండ నుంచీ నారాయణపేట నుంచీ వచ్చిన సోదరీమణులకు సలాములు.

నవల ఎలా రాయాలి, రాసినదానిని ఎలా అచ్చు వేయించుకోవాలి అన్న విషయంపై మాట్లాడమని నిర్వాహకులు నన్ను పిలిచారు. ముందే ఒక మాట మనవి చేసుకోవాలి. నేను పేరుమోసిన నవలాకారుణ్ణి కాను. ముప్పై మూడేళ్ళు రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసి, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల దస్త్రాల దుమ్ము పీల్చి రిటైరైన మనిషిని. ఒక చిన్న నవల అచ్చువేసి నష్టపోయాను. మరొకటి ఆరేళ్ళుగా రాస్తున్నాను. నా దగ్గర ఉన్నది చేసిన తప్పుల చిట్టా. దానినే మీ ముందు విప్పుతాను.

పహాణీ అంటే ఏమిటో మీలో చాలామందికి తెలుసు. వక్ఫ్ భూమి కోసమో, తాతలనాటి మడిచెక్క కోసమో 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలుకై తిరగని కుటుంబం మన జిల్లాలలో అరుదు. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, సాగులో ఉన్నవాడు, పంట అని ఖానాలు ఉంటాయి. చివరన కైఫియత్ అని ఒక ఇరుకు ఖానా. ఇతర ఖానాలలో ఇమడని సంగతి ఏదైనా ఉంటే అక్కడ రాయాలి. సాధారణంగా దానిని ఖాళీగా వదిలేస్తారు. నేనూ వదిలేశాను.

1988 ప్రాంతంలో నేను పనిచేస్తున్న ఒక కార్యాలయానికి అరవై దాటిన వితంతువు ఒకామె వస్తూ ఉండేది. ఆమె మామగారు ఒక దొర భూమిని కౌలుకు చేసేవాడట. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినప్పుడు ఆ కుటుంబం భయంతో ఊరు విడిచి హైదరాబాదు చేరింది. నాలుగేళ్ళ తరువాత తిరిగివచ్చేసరికి ఆ భూమిని మరొకరు దున్నుతున్నారు. 1950 నాటి కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల జాబితాలో వారి పేరు లేదు. జాబితా రాసేనాటికి వారు ఊళ్ళో లేరు గదా. ఆమె మా వరండాలో కూర్చొని, "బేటా, బావి కాడి చింతచెట్టు మా మామ పెట్టిండు. ఆ చెట్టునన్న అడగరాదా?" అనేది. నేను ఆమెకు చాయ్ తెప్పించేవాణ్ణి. తరువాత లోపలికి వెళ్ళి ఆమె దరఖాస్తు మీద "దరఖాస్తుదారు తగిన ఆధారములు చూపనందున" అని నోటు రాశాను. చట్టప్రకారం ఆ నోటులో తప్పు లేదు. పై అధికారి సంతకం చేశారు. ఆమె మళ్ళీ రాలేదు.

నేనిప్పుడు రాస్తున్న నవల ఆమెది. నోటు రాసిన చేతితోనే రాస్తున్నాను కనుక ఆలస్యమవుతున్నది.

మన సమాజం రాసిన కాగితాలకు కొదవ లేదు. వినతిపత్రాలు, మహజర్లు, మెమొరాండాలు ఎన్ని రాశామో లెక్కలేదు. 2006లో సచార్ కమిటీ, 2016లో సుధీర్ కమిషన్ మన చదువులను, ఉద్యోగాలను, అప్పులను లెక్కించాయి. అవి అవసరం, వాటిని చేతపట్టుకొనే నేను ఈనాటికీ కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నాను. 1948 చివరలో పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ల బృందం హైదరాబాదు రాష్ట్రపు జిల్లాలు తిరిగి ఇచ్చిన నివేదిక 27 వేల నుంచి 40 వేల మంది మరణించి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు ప్రజల కంటపడలేదు. అయితే ఆ అంకెలో మా వరండా మీద కూర్చున్న ఆమె లేదు. ఆమె బతికింది. బతికినవారి సంగతి ఏ నివేదికలోనూ పూర్తిగా ఉండదు.

లేరని అన్నవారికి ఎలా జవాబు చెప్పాలో మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి చూపారు. తెలంగాణలో తెలుగు కవులు లేరని ఎవరో అన్నప్పుడు ఆయన 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి 354 మంది కవులను లోకం ముందు నిలబెట్టారు. అదే దారిలో 1998లో మన నల్లగొండ జిల్లా వాడైన స్కైబాబ సంపాదకత్వంలో ముస్లింవాద కవిత్వం 'జల్‌జలా' వచ్చింది. 2004లో ముస్లిం కథల సంకలనం 'వతన్' వచ్చింది. ఆయన కథలు 'అధూరే' వచ్చాయి. అంతకుముందే ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. షాజహానా, యాకూబ్, అఫ్సర్, ఖదీర్‌బాబు, వేంపల్లె షరీఫ్, ఇలా కవితలోనూ కథలోనూ మన పేర్లు గట్టిగానే వినిపిస్తున్నాయి. నవల దగ్గరకు వచ్చేసరికి వేళ్ళు మడవడం మొదలుపెట్టిన కాసేపటికే ఆగిపోతాం. సలీం గారున్నారు, ఆదాయపు పన్ను శాఖలో ఉద్యోగం చేస్తూనే నవలలు రాసి, 'కాలుతున్న పూలతోట'కు 2010లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. ప్రభుత్వ ఉద్యోగికి తీరిక ఉండదనే సాకు ఆయన తరువాత నాకు చెల్లలేదు.

కారణం ఏమిటని ఆలోచించాను. కవితను ఒక రాత్రి కోపంలో రాయవచ్చు. నవలకు కోపం చాలదు. నాలుగేళ్ళపాటు ఒకే మనిషి వెంట నడవాలి. పైగా మన కథను ఇతరులు రాయడానికి మనం అలవాటు పడ్డాం. షేక్ బందగీ సంగతే చూడండి. ఆనాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కామారెడ్డిగూడెం రైతు. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి కోర్టుకెక్కినందుకు 1940లో హత్యకు గురయ్యాడు. ఆయన గాథ ఆధారంగానే సుంకర, వాసిరెడ్డి 'మాభూమి' నాటకం రాశారు. వారికి మనం ఋణపడి ఉన్నాం. కానీ బందగీ ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలిగిందా, ఆయన చివరిసారిగా ఎవరితో ఏమన్నాడు అన్నది రాయవలసిన కలం మన ఇళ్ళలోనే ఎక్కడో ఉండాలి.

ఇక రాయడం సంగతి. "ముస్లిం సమస్యపై నవల రాస్తున్నాను" అని మొదలుపెట్టకండి. నేను అలాగే మొదలుపెట్టి మొదటి పుస్తకాన్ని పాడుచేశాను. అందులో పాత్రలు లేవు, ఉపన్యాసకులున్నారు. కథానాయకుడు భోజనానికి కూర్చున్నా రిజర్వేషన్ల గురించే మాట్లాడతాడు. మా ఆవిడ చదివి, "వీళ్ళింట్లో ఎవ్వరికీ జ్వరం రాదా?" అని అడిగింది. అంతకంటే మంచి విమర్శ ఆ పుస్తకానికి మళ్ళీ రాలేదు. ఒక మనిషితో, ఒక ఊరితో మొదలుపెట్టండి. జాన్‌పహాడ్ ఉర్సులో మిఠాయి అమ్మే మనిషి చాలు. పీర్లను ఎత్తే ఊళ్ళో ముస్లిం ఇల్లు ఒక్కటే మిగిలితే ఆ ఇల్లు చాలు.

భాష విషయంలో నాకు చాలాకాలం బెరుకు ఉండేది. మన ఇళ్ళలో ఒక వాక్యం దక్కనీ ఉర్దూలో మొదలై నల్లగొండ తెలుగులో ముగుస్తుంది. గ్రాంథికానికి అలవాటుపడ్డ నేను అమ్మీని 'తల్లి' అనీ, దస్తర్‌ఖాన్‌ను 'భోజనపు గుడ్డ' అనీ రాశాను. చదివితే అది మా ఇల్లులా లేదు. తరువాత వేముల ఎల్లయ్య 'కక్క' చదివాను. మన జిల్లా మాదిగవాడల మాటను ఎక్కడా సంజాయిషీ ఇచ్చుకోకుండా నవలంతా నడిపించారు. మలయాళంలో వైక్కం మహమ్మద్ బషీర్ కూడా మాప్పిళ్ళ ముస్లింల ఇంటిమాటను అలాగే తెచ్చి ఆ భాషకే గర్వకారణం చేశారు. కావున అమ్మీని అమ్మీగానే ఉంచండి. ప్రతి ఉర్దూ మాట పక్కన అర్థం రాయకండి. సందర్భం సరిగా రాస్తే గుంటూరు పాఠకునికైనా తెలుస్తుంది. కథ చెప్పే గొంతు మీది. అది శిష్టభాషలో ఉన్నా చిక్కు లేదు. మాట్లాడే మనుషులను మాత్రం వారి నోటితో మాట్లాడనివ్వండి.

రోజూ ఎంత రాయాలని అడుగుతారు. నేను ఫజర్ నమాజ్ తరువాత ఒక పేజీ రాస్తాను. పెళ్ళి ఉన్నా, చావు ఉన్నా అర పేజీ. రాసినది బాగా లేకపోయినా ఆ రోజే చింపకూడదన్నది నియమం. నవల పూర్తయ్యేవరకు వెనక్కి వెళ్ళి మొదటి అధ్యాయాన్ని చెక్కుతూ కూర్చోకండి. అలా చెక్కిన మొదటి అధ్యాయాలు ఈ గదిలోనే కనీసం పది ఉంటాయని నా అనుమానం. ఊరి పటం ఒకటి గీసి గోడకు అతికించుకోండి. మసీదు ఎటు, బావి ఎటు, దొర గడీ ఎటు. ప్రతి పాత్ర పుట్టిన సంవత్సరం రాసుకోండి. లేకపోతే తల్లి కంటే కొడుకు పెద్దవాడవుతాడు.

తేదీల విషయంలో గుమాస్తా చాదస్తం కొంత మేలు చేస్తుంది. ఒక మిత్రుని నవలలో 1970లో కథానాయకుడు మండలాఫీసుకు వెళ్తాడు. మండలాలు వచ్చినది 1985లో. అంతకుముందు తాలూకా, తహసీలు. నేనూ తక్కువ తినలేదు. పోలీసు చర్య మొదలైన రోజున మా కథలోని ఊళ్ళో పీర్ల ఊరేగింపు పెట్టాను. దృశ్యం అద్భుతంగా వచ్చిందని మురిసిపోయాను కూడా. తరువాత హిజ్రీ లెక్క చూస్తే 1948 సెప్టెంబరు 13 నాటికి జిల్‌ఖాద నెల నడుస్తున్నది. ఆ ఏడు ముహర్రం నవంబరు మొదటి వారంలో వచ్చింది. పన్నెండు పేజీలు తీసివేయవలసి వచ్చింది. కానీ ఆ పొరపాటే నాకొక అధ్యాయాన్నిచ్చింది. రెండు నెలలు గడిచి ముహర్రం వచ్చేసరికి ఆ ఊళ్ళో పీర్లనెత్తేవారు లేరు. అషుర్‌ఖానా తాళం ఎవరి దగ్గర ఉన్నది? ఎవరు తెరిచారు? రాస్తుండగా ఆ ఊరి చాకలి, కుమ్మరి వచ్చి నా కాగితం మీద నిలబడ్డారు.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. మన నవలను ఆపేది బయటివారు మాత్రమే కాదు. నా మొదటి పుస్తకంలో జోడేకీ రఖమ్ గురించి, దూదేకుల ఇంటి పిల్లను కోడలిగా ఒప్పుకోని ఒక కుటుంబం గురించి రెండు పేజీలున్నాయి. నేను గౌరవించే ఒక పెద్దాయన నన్ను పిలిచి, "బయట మనల్ని అనేవాళ్ళు చాలరా? ఇంటి గుట్టు నువ్వు కూడా చెప్పాలా?" అన్నారు. ఆయన భయం అర్థం లేనిది కాదు. సినిమాలలో మన మనిషిని ఒకవైపు ముష్కరునిగా, మరొకవైపు కథానాయకుని కోసం ప్రాణమిచ్చే మిత్రునిగా చూసి చూసి విసిగిన తరం ఆయనది. మనం రాసిన లోపాన్నే రేపు మన మీద విసురుతారేమో అన్న శంక నాకూ ఉన్నది. అయినా ఆ రెండు పేజీలు నేను తీయలేదు. లోపాలు లేని మనుషులను రాస్తే ఆ మనుషులకు అన్యాయం జరిగినా పాఠకునికి నొప్పి పుట్టదు.

ఈ విషయంలో మన పొరుగు భాషల సోదరీమణులు మనకంటే ముందున్నారు. సారా అబూబకర్ కన్నడంలో 'చంద్రగిరి తీరంలో' అన్న నవలను ఒక వారపత్రికలో సీరియల్‌గా రాసి ఎన్ని ఆగ్రహాలు చవిచూశారో చెప్పనక్కరలేదు. తమిళ రచయిత్రి సల్మా పెద్దమనిషి అయిన నాటి నుంచి ఇంటి నాలుగు గోడల మధ్యే ఉంటూ, రహస్యంగా రాసుకుంటూ వచ్చి 2004లో నవల వెలువరించారు. బాను ముష్తాక్ కన్నడ కథలు 2025లో అంతర్జాతీయ బుకర్ బహుమతి అందుకున్నాయి. మహబూబ్‌నగర్ నుంచి కర్ణాటక సరిహద్దు ఎంత దూరం? ఇక్కడ కూర్చున్న ఆడపిల్లలు ఈ ప్రశ్న నన్ను కాక తమ అబ్బాజాన్‌లను అడగాలి. రాసుకోవడానికి ఇంట్లో ఒక గంట, ఒక మూల కావాలని కూడా అడగాలి.

ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను. బతికి ఉన్న మనిషి కథ రాస్తే ఊరు, పేరు, వృత్తి మార్చండి. వీలైతే వారికి చదివి వినిపించండి. కోర్టు భయంతో చెప్పడం లేదు. ఒకరి దుఃఖాన్ని వారికి తెలియకుండా అచ్చువేయడం సరికాదు.

అచ్చు సంగతికి వస్తాను. వారపత్రికల సీరియళ్ళ కాలం దాదాపు ముగిసింది. ఇప్పుడు మూడు దారులున్నాయి. నవలల పోటీలకు పంపడం ఒకటి. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వంటి ప్రచురణ సంస్థలకు పంపడం రెండవది. పంపేటప్పుడు రాతప్రతి మొత్తం ఒకేసారి కుమ్మరించకుండా ఒక పేజీ పరిచయం, కథాసారం, మొదటి రెండు అధ్యాయాలు పంపి కబురు కోసం కొన్ని నెలలు ఓపిక పట్టండి. తిరస్కరిస్తే అది మీ మతానికి జరిగిన అవమానమని వెంటనే అనుకోకండి; ఒక్కోసారి మూడో అధ్యాయం బాగాలేకపోవడం కూడా కారణం కావచ్చు. మూడవది సొంతంగా వేసుకోవడం. మనలో ఎక్కువమంది చివరకు చేరేది అక్కడికే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

నా మొదటి పుస్తకానికి పదవీ విరమణ సొమ్ములోంచి డబ్బు తీసి ఒక సంస్థకు ముందే మొత్తం కట్టాను. పేరు చెప్పను. వెయ్యి ప్రతులన్నారు, పంపిణీ మాదే అన్నారు. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. ఆలోచించండి, జీవితమంతా "రాతపూర్వకంగా ఇవ్వండి" అని జనాన్ని తిప్పిన మనిషిని! ప్రతులన్నీ ఒకనాడు ఆటోలో మా ఇంటికే వచ్చాయి. ఫాంటు మార్చినప్పుడు ఒత్తులన్నీ ఎగిరిపోయి, పుస్తకమంతటా 'అల్లాహ్' అన్న పవిత్ర నామం తప్పుగా పడింది. ఒక్కో ప్రతినీ చేతితో దిద్దుతూ నెల గడిపాను. ఆ ప్రతులు చాలావరకు ఇంకా మంచం కింద ఉన్నాయి.

కాబట్టి వినండి. డీటీపీ పాత అను ఫాంట్లలో చేసి తరువాత యూనికోడుకు మార్చితే ప్రతి పేజీ మళ్ళీ దిద్దాలి. ప్రూఫులు మీరొకసారి, ఉర్దూ పదాలు తెలిసిన మరొకరు ఒకసారి చూడాలి. డెమ్మీ సైజులో పదహారు పేజీలు ఒక ఫారం. పేజీలను ఫారాల లెక్కకు సరిపెడితే కాగితం వృథా కాదు. మొదట రెండు వందలో మూడు వందలో ప్రతులు చాలు. డిజిటల్ ముద్రణలో అయిపోయినకొద్దీ మళ్ళీ వేయవచ్చు. డబ్బు ఒకేసారి కట్టకుండా కంపోజింగుకు కొంత, ప్రూఫులయ్యాక కొంత, ప్రతులు చేతికొచ్చాక మిగతాది ఇవ్వండి. ఐఎస్‌బీఎన్ సంఖ్యను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. దానికి వేలు అడిగేవారిని నమ్మకండి. కాపీరైటు రాసిన క్షణం నుంచే మీది. 1957 చట్టం ప్రకారం మీ తదనంతరం మరో 60 ఏళ్ళు మీ వారసులది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఏ ఒప్పందంలోనైనా "సర్వహక్కులు" అన్న మాట ఉంటే కలం ఆపండి. అనువాద హక్కు, సినిమా హక్కు విడిగా మీ దగ్గరే ఉండాలి.

అమ్మకం కష్టం. పుస్తకాల దుకాణం వారు వెలలో పెద్ద వాటాను కమీషనుగా తీసుకుంటారు, మిగిలినది ఎప్పుడిస్తారో వారిష్టం. ఇక్కడ మనకు దారిచూపేవాడు మన జిల్లావాడే. నకిరేకల్ ప్రాంతపు చెరువు మాదారంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి ఒక ఉపాధ్యాయుని ఇంట వంట చేసిపెడుతూ చదువు నేర్చారు. హోటల్లో పనిచేశారు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి పుస్తకాలను గంపలో పెట్టుకొని తిరిగి అమ్మారు. అంత పని చేస్తూ, జైలుకు వెళ్తూ 'ప్రజల మనిషి' రాశారు. రెండవ నవల 'గంగు' ఆయన మరణానంతరం గాని వెలుగు చూడలేదు. దొర దౌర్జన్యాన్నీ వెట్టినీ, ఆనాటి మతరాజకీయాన్నీ ఆ నవలలో చూడవచ్చు. అందులోని ముస్లిం పాత్రల చిత్రణతో మీరు వాదించవచ్చు, నేనూ వాదిస్తాను. వాదించడానికి ముందు చదవాలి. గంప మోయడానికి సిగ్గుపడకూడదని మాత్రం ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఈసారి అచ్చుకు ముందే నూరుమంది దగ్గర చందా తీసుకొని వారి పేర్లు రాసుకుంటున్నాను. ఇప్పటికి నలభై ఒకరు.

ఈ పత్రిక సంపాదకులు ఇక్కడే ఉన్నారు కనుక ఒక దరఖాస్తు. తమిళంలో తోప్పిల్ మహమ్మద్ మీరాన్ అనే రచయిత ఉండేవారు. మిరపకాయల వ్యాపారి. బడిలో చదివింది మలయాళం, రాసింది తమిళం. 'ఒక సముద్రతీర గ్రామ కథ' అన్న ఆయన తొలి నవల 'ముస్లిం మురసు' అన్న మన పత్రికల వంటి పత్రికలోనే సీరియల్‌గా వచ్చింది, పుస్తకంగా 1988లో వెలువడింది. 1997లో ఆయన కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. మన మాసపత్రికలో తీర్మానాలకు, ఖండనలకు ఎన్ని పేజీలిస్తున్నామో నాకు తెలుసు. అందులో కొన్ని నేను రాసినవే. నెలకు నాలుగు పేజీలు ఒక నవలకు ఇవ్వండి. నాది వేయనక్కరలేదు. ఈ గదిలోని ముప్పై ఏళ్ళలోపు వారిది, వీలైతే ఒక ఆడపిల్లది వేయండి.

నా నవల ఎంతవరకు వచ్చిందని ఉదయం చాయ్ దగ్గర ఒక అబ్బాయి అడిగాడు. రెండు వందల పేజీలు దాటింది. పూర్తయిందనే అనుకున్నాను. చివరి అధ్యాయంలో కొత్త ఆసామి ఆ చింతచెట్టును కొట్టించేస్తాడు. ముసలామె మొద్దు మీద కూర్చొని ఉండగా కథ ముగుస్తుంది. గత నెల ఆమె మనుమణ్ణి వెతికి పట్టుకున్నాను. ఆటో నడుపుకుంటున్నాడు. ఆనాటి నోటు రాసింది నేనేనని ముందు చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తరువాత "చదువుండ్రి సాబ్" అన్నాడు. ఆటోలోనే కూర్చొని చివరి అధ్యాయం చదివి వినిపించాను. అంతా విని, "చెట్టు కొట్టలే సాబ్. ఇప్పటికీ ఉన్నది. ఏటా ఆ చింతపండే కొనుక్కొచ్చుకుంటం, దాదీ చెప్పిపోయింది" అన్నాడు.

ముప్పై ఏడేళ్ళలో ఆ ఊరికి నేను ఒక్కసారైనా వెళ్ళలేదు. వచ్చే ఆదివారం అతని ఆటోలోనే వెళ్తున్నాం. చివరి అధ్యాయం మళ్ళీ రాయాలి.